ఆదివారం సెలవు

29 మార్చి 2024, శుక్రవారం

అత్తమ్మను గుంటూరు తీసుకెళ్ళి వచ్చాం. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి మా ఇద్దరికీ చెప్పాడు. గుండె బాగా పెద్దదైందట. రెండు నెలలు, మహా అయితే మూడు. చీటీ మీద కొడుకుగా ఈయన పేరు రాస్తూ, "చెన్ విల్సన్... మీది నేపాలా?" అని అడిగాడు. "చిలకలూరిపేట" అన్నారు ఈయన.

మాత్రలు ఆరు రకాలు. పొద్దున మూడు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు. గ్యాస్ ఏజెన్సీ వాళ్ళిచ్చిన ఈ డైరీ ఖాళీగా ఉంది కాబట్టి మాత్రల వివరం రాసుకుందామని మొదలుపెట్టాను.

యడ్లపాడు దాటాక కారులో అత్తమ్మ అడిగింది.

"ఎన్నాళ్ళన్నాడ్రా?"

"ఏం లేదమ్మా. మందులు వాడితే..."

"విల్సన్, నేను పళ్ళ డాక్టరు పెళ్ళాన్ని. 'ఏం లేదు, నొప్పుండదు' అని ఎన్ని వేలమందికి చెప్పానో నీకేం తెలుసు? ఎన్నాళ్ళు?"

ఈయన కిటికీలోంచి మిరప కల్లాలు చూస్తున్నారు. నేను చెప్పాను.

"అయితే రాయికి పురమాయించండి" అంది.

ఈ చైనా వాళ్ళలో పెద్దవాళ్ళు బతికుండగానే సమాధి రాయి సిద్ధం చేయించుకుంటారు. అలా చేస్తే ఆయుష్షు పెరుగుతుందట. మామగారికి ఆ వ్యవధి దొరకలేదు.

"మీ నాన్న రాయి మీద ఏముందో నాక్కూడా అదే కొట్టించండి. ఒక్క గీత తేడా రాకూడదు" అంది.

31 మార్చి, ఆదివారం

రాయి చెక్కే గౌస్ బాషా ఒంగోలు నుంచి వచ్చాడు. సమాధుల తోటకు వెళ్ళి మామగారి రాయి కొలతలు తీసుకున్నాడు. ఎత్తు మూడడుగుల రెండంగుళాలు, వెడల్పు రెండడుగులు.

"అక్కా, నేను అరబ్బీ చెక్కా, తెలుగు చెక్కా, ఇంగ్లీషు చెక్కా. ఈ చైనా అక్షరాలు మాత్రం బొమ్మలెక్కన చెక్కాల్సిందే. ఫొటో నీటుగా తీసి పంపు. తప్పు పోయినా పట్టుకునేవాడు ఈ జిల్లాలో ఉన్నాడా అంట?"

"మా అత్తమ్మ ఉంది."

"ఆమెకు చదవటం వచ్చా?"

రాదని చెప్పాను. అత్తమ్మ బెజవాడలో పళ్ళు కట్టే చైనా వాళ్ళింట్లో పుట్టింది. మాట్లాడటం వచ్చు, బడికి పంపలేదు. తెలుగు కూడా చదవలేదు. ఈయనకు చైనా భాష మాటా రాదు, రాతా రాదు. నాకు రావలసిన అవసరం లేదు.

ఆ రాత రంగు వెలిసిపోయింది. గురువారం తుడుపు రోజు, వీళ్ళు ఏటా పెద్దల సమాధులు తుడిచి భోజనం పెట్టే పండగ. అక్షరాలకు ఎర్ర రంగు వేశాక ఫొటో తీస్తానని చెప్పి పంపాను.

4 ఏప్రిల్, గురువారం

తుడుపు. ఎండ నలభై ఒకటి. నాకు రంజాను ఉపవాసం, ఇరవై నాలుగో రోజా.

పొద్దున అయిదింటికి లేచి కోడిని ముక్కలు చెయ్యకుండా ఉడికించాను. గుడ్లు ఆరు, అన్నం, మూడు కప్పుల టీ, నారింజలు అయిదు, మామగారికి ఇష్టమని గోంగూర పచ్చడి. రోజాలో రుచి చూడకూడదు కాబట్టి ఎప్పటిలాగే అత్తమ్మ ఉప్పు చూసింది. ఇరవై ఆరేళ్ళుగా రంజాను నెలలో వంటకు ఇదే పద్ధతి. "సరిపోయింది" అంటుంది. బాగుందని అనదు.

మామగారు చర్చికి వెళ్ళేవారు కాదు. అప్పటి పాస్టరు గారికి కట్టుడు పళ్ళు కట్టినందుకు సమాధుల తోటలో స్థలం ఇచ్చారు.

అక్షరాలకు రంగు ఏటా అత్తమ్మే వేసేది. ఈసారి చెయ్యి వణికి కుంచె నాకిచ్చింది. పక్కన స్టూలు మీద కూర్చుని, "పైనుంచి కిందికి. ఎడమనుంచి కుడికి. తోకను లాగు, ఆపొద్దు" అని చెబుతూ ఉంది. గంటన్నర పట్టింది. తరువాత అలసిపోయి కారులో కూర్చుంది. ఈయన పంపు దగ్గరకు బిందె పట్టుకెళ్ళారు.

ఫొటో కోసం ఫోను పెట్టాను. మా అమ్మాయి లిల్లీ హైదరాబాదు నుంచి పంపిన కొత్త ఫోను. అక్షరాల మీద కెమెరా పెట్టగానే, తెలుగులో కావాలా అని అడిగింది. సరే అని నొక్కాను.

చెన్. నొప్పి లేకుండా పన్ను తీయుట. బంగారు పన్ను అమర్చుట. ఆదివారం విశ్రాంతి.

నీడ పడిందేమోనని గొడుగు పక్కకు పెట్టి మళ్ళీ తీశాను. అదే. రంగు తడిగా ఉందేమోనని పది నిమిషాలు ఆగి తీశాను. అదే. నాలుగోసారి 'ఆదివారం సెలవు' అని వచ్చింది.

ఈయన బిందెతో వచ్చి, "బాగా వచ్చిందా?" అన్నారు.

"స్పష్టంగా వచ్చింది" అన్నాను.

5 ఏప్రిల్, శుక్రవారం

పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. రుచి చూడలేదు కాబట్టి తెలియలేదు. వేరే కారణం లేదు.

7 ఏప్రిల్, ఆదివారం

ఈ విషయంతో నాకు సంబంధం లేదు. రాయి వాళ్ళది, అక్షరాలు వాళ్ళవి. అయినా ఒకసారి క్రమంగా రాసుకుంటే తేలిక.

ఒకటి. మామగారు ఎనభై ఒకటిలో పోయారు. అప్పటికి ఈయనకు పదకొండేళ్ళు.

రెండు. ఆ రాయి మీద ఏముందో ఈయన కంఠతా చెబుతారు: "ఏడు సముద్రాలు దాటి వచ్చిన మనిషి ఇక్కడ అలసట తీర్చుకుంటున్నాడు." మా నాన్న దూది దుకాణం వీళ్ళ పళ్ళ షాపు పక్కదే. పెళ్ళికి ముందు ఈయన నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది సినిమాకు కాదు, ఆ రాయి దగ్గరకు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చెప్పారు. ఆ వేలు 'బంగారు పన్ను' మీద ఉన్నప్పుడు నేను ఏడ్చాను. అందుకే మా నాన్నతో పోట్లాడి చేసుకున్నానని కాదు. అది కూడా ఒక కారణం.

మూడు. లిల్లీ ఏడో తరగతిలో ఆ వాక్యం మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకుంది. స్టీలు గిన్నె. ఇంకా వాడుతున్నాం.

నాలుగు. పొద్దున ఎన్నికల వాళ్ళు వచ్చారు. ఈయన పళ్ళు పీకరు, పీకే డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి పంపుతారు. అయినా 'చైనా డాక్టరు గారు' అనే పిలుస్తారు. వాళ్ళలో ఒకడు, "అసలు మీది ఏ ఊరండీ, ఓటు ఇక్కడేనా?" అన్నాడు. ఈయన కోపం తెచ్చుకోలేదు. పనిబల్ల దగ్గర నుంచి లేచి, చేతికున్న మైనం తుడుచుకుని, నాన్న రాయి మీద ఏముందో చెప్పారు. ఆ కుర్రాడు చెప్పులు విడిచాడు.

అయిదు. ఎవరో చెక్కేవాడు పొరపాటున షాపు బోర్డు చూసి చెక్కి ఉంటాడు. ఎవరూ చదవలేకపోయారు. అత్తమ్మ నలభై రెండేళ్ళుగా 'పన్ను తీయుట'కు దండం పెడుతోంది. ఇప్పుడు ఇంకో రాయి మీద అదే చెక్కించుకుని దాని కింద పడుకోబోతోంది.

చెబితే గుండెకు మంచిది కాదు. డాక్టరు కూడా చెప్పాడు, ఆందోళన పడకూడదని.

9 ఏప్రిల్, మంగళవారం. ఉగాది

పక్కింటి నాగజ్యోతి పచ్చడి తెచ్చిచ్చింది. సాయంత్రం రోజా విడిచాక తిన్నాను.

రాయి మీద నిజంగా ఆ వాక్యమే ఉంటే ఎవరికీ బాధ లేదు. ఈయన చెప్పే వాక్యాన్ని ఫోనులో పెట్టి చైనా భాషలోకి మార్చాను. సరిగ్గా ఉందో లేదో చూడాలి కాబట్టి దాన్ని మళ్ళీ తెలుగులోకి మార్చాను.

మొదటిసారి: ఏడు సముద్రాల వ్యక్తి ఇక్కడ అలసిపోయాడు.

రెండోసారి, కొంచెం మార్చి: ఓడ దిగినవారు ఇక్కడ పడుకోవలెను.

మూడోసారి: సముద్ర ప్రయాణికుల విశ్రాంతి గది.

ఏడోసారికి దాదాపు వచ్చింది. అయితే మనిషి ఆడో మగో తెలియడం లేదు. ఇద్దరికీ పనికొస్తుంది.

12 ఏప్రిల్, శుక్రవారం

నిన్న పండగ. సేమ్యా చేశాను. అత్తమ్మ రెండు చెంచాలు తిని, "సరిపోయింది" అంది.

ఫోను తెర మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో అక్షరాలు ఎక్కించాను. అవి పెరిగేందుకు గళ్ళు గీసి పెద్ద కాగితం మీద మళ్ళీ గీశాను. పదకొండు కాగితాలు పాడయ్యాయి. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. తోక దగ్గర ఆపకూడదు.

గౌస్ బాషాకు ఫోను చేసి, ఫొటో వద్దు, నేను గీసిందే చెక్కమన్నాను.

"ఇదేంటక్కా, పాతదానికి దీనికి పోలికే లేదు?"

"ఇవి కొత్త రకం అక్షరాలు."

"చైనా వాళ్ళు కూడా మార్చారా? సరేలే. మంగళవారం వచ్చి కాగితం పట్టుకుపోతా."

నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అడిగిన వాళ్ళకు సగం చెప్పాను.

13 ఏప్రిల్, శనివారం

అత్తమ్మ పాదాలు వాచాయి. నీటి మాత్ర అర నుంచి ఒకటి చేశాం.

16 ఏప్రిల్, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదిన్నరకు గౌస్ బాషా వచ్చాడు. ఈయన పళ్ళ సెట్లు ఇవ్వడానికి నరసరావుపేట వెళ్ళారు. కాగితం చుట్టి అతని చేతిలో పెట్టబోతుంటే లోపలి నుంచి అత్తమ్మ, "రాయబ్బాయేనా? ఇటు తీసుకురా, నేను చూడాలి" అంది.

మంచం మీద పరిచాడు. కళ్ళజోడు పెట్టింది. వేలితో మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోయింది. మళ్ళీ చివరి నుంచి మొదటికి వచ్చింది.

"ఏమ్మే, ఇందులో ఆదివారం ఏదీ?"

నేను కాగితం అంచులు సరిచేశాను.

"బాబూ, నువ్వు కాసేపు బయట కూర్చో. కౌసరూ, అతనికి మజ్జిగియ్యి."

మజ్జిగ ఇచ్చి వచ్చాను. ఒక గ్లాసు. సగం బల్ల మీద పడింది, మళ్ళీ పోశాను.

"నీకెట్టా తెలిసింది?" అంది.

"ఫోను చదివింది."

"ఫోను!" అని నవ్వింది. నవ్వుకు ఆయాసం వచ్చింది. దిండు ఎత్తు పెట్టాను. "నలభై రెండేళ్ళు దాచిపెడితే ఫోనొచ్చి చదివిందంట."

"మీకు మొదటి నుంచీ తెలుసా?"

"తెలియకపోవటమేంటే? ఆ బోర్డు ఆయన రాస్తుంటే రంగు డబ్బా పట్టుకుంది నేను. పేటలో చైనా అక్షరాలెవడు చదువుతాడయ్యా అంటే, చదవక్కర్లేదు, చూస్తే నమ్ముతారన్నాడు. నమ్మారు కూడా."

"మరి సమాధి మీద..."

"ఏం పెట్టమంటావు?" అంది. కోపం లేదు, విసుగు. "అరవై రెండులో యుద్ధమొచ్చింది. నాకు పెళ్ళై ఏడాది. మన చైనా వాళ్ళను పట్టుకుపోతున్నారని కబురొచ్చింది. ఇంట్లో చైనా అక్షరమున్న ప్రతి కాగితం పొయ్యిలో పెట్టా. వాళ్ళ నాన్న ఉత్తరాలు, మా పెళ్ళి కాగితం, ఆయన పద్దు పుస్తకాలు, అన్నీ. ఆయన వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. వాకిట్లో కూర్చున్నాడు. బోర్డు చెక్కది, గబుక్కున కాలదు. తిప్పేసి మంచం కింద తోశాం. ఆయన పోయేనాటికి ఆయన చేత్తో రాసింది అదొక్కటే మిగిలింది. చెక్కేవాడి ముందు అదే పెట్టా. ఇట్టాగే కొట్టు నాయనా, ఆయన చెయ్యి ఎట్టా తిరిగిందో అట్టాగే, అన్నా."

మిరప యార్డు వైపు నుంచి గాలి తిరిగి ఇద్దరం తుమ్మాం.

"ఈయనకు ఏడు సముద్రాలని..."

"పదకొండేళ్ళ పిల్లాడు. అమ్మా, నాన్న రాయి మీద ఏముందే అన్నాడు. పళ్ళు పీకబడును అని చెప్పమంటావా? నోటికొచ్చింది చెప్పా. మళ్ళీ అడుగుతాడనుకోలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. నేను మర్చిపోతానని వాడే నాకు అప్పజెప్పేవాడు."

"మామగారు సముద్రం దాటి వచ్చారు కదా, అది నిజమే కదా" అన్నాను. ఏదో ఒకటి నిజమై ఉండాలి కదా అనిపించింది.

"సముద్రమెక్కడిదే? దాటింది వాళ్ళ నాన్న. ఈయన కలకత్తాలో పుట్టాడు. మెయిలు రైల్లో వచ్చాడు. బెజవాడ స్టేషన్లో చెప్పులు పోయినై. వట్టికాళ్ళతో మా ఇంటికొచ్చాడు, సంబంధం చూసుకోవటానికి. మా నాన్న పళ్ళు చూడకుండా కాళ్ళు చూశాడు."

మంచం మీది కాగితం చుట్టేశాను. తరువాత, "పాత రాతే గౌస్ బాషాకు ఇస్తాను" అన్నాను.

అత్తమ్మ నేను గీసిన కాగితం మళ్ళీ తీసి చూసింది. "ఇది నువ్వే గీశావా?"

"అవును."

"ఎన్నిసార్లు?"

"పన్నెండు."

"చెయ్యి బాగుంది" అంది. తరువాత, "పాతది వద్దులే. అది ఆయనది. ఇంట్లో ఇంకో రాత లేదని అడిగా. నేను పళ్ళు పీకానా, పాడా? పీకేటప్పుడు వాళ్ళ తల పట్టుకునేదాన్ని అంతే. నువ్వే రాయి. నీకొచ్చిన అక్షరాల్లో రాయి, ఇట్టా చూసి గీసేవి కాకుండా. ఏమ్మే, వింటున్నావా?"

"ఏం రాయను?"

"నన్నడుగుతావేంటి? నాకు చదవటం వచ్చా?"

గౌస్ బాషా ఖాళీ చేతులతో వెళ్ళాడు. "అక్కా, మీ ఇంట్లో రాత ఎప్పుడు తేలుద్దో ఫోన్ చెయ్యి" అన్నాడు.

19 ఏప్రిల్, శుక్రవారం

ఏమీ రాయలేదు.

20 ఏప్రిల్, శనివారం

'పుణ్యస్త్రీ', 'ఆదర్శమూర్తి', 'మాతృమూర్తి' అని రాసి చూశాను. ఎవరి రాయి మీదైనా పెట్టవచ్చు. కొట్టేశాను.

22 ఏప్రిల్, సోమవారం

నాకు ఆరేళ్ళప్పుడు దవడ పన్ను పుచ్చింది. మా నాన్న దుకాణంలోంచి ఎత్తుకుని పక్క షాపుకు తీసుకెళ్ళాడు. మామగారి ముఖం గుర్తులేదు. వెనక నుంచి రెండు చేతులు నా తల పట్టుకున్నాయి. బొటనవేళ్ళు చెవుల మీద, మిగతావి గడ్డం కింద. కార్బాలిక్ సబ్బు వాసన. "ఏం లేదే, నొప్పుండదే" అని ఒక గొంతు. చాలా నొప్పి వేసింది. ఆ చేతులు మాత్రం వదల్లేదు.

ఇది ఈయనకు గానీ అత్తమ్మకు గానీ ఎప్పుడూ చెప్పలేదు. అవసరం రాలేదు.

27 ఏప్రిల్, శనివారం

మధ్యాహ్నం మాత్ర వేశాక చదివి వినిపించాను.

చెన్ సూలన్. బెజవాడలో పుట్టింది. పేటలో ఉంది. పళ్ళు పీకేటప్పుడు అందరి తలలూ పట్టుకుంది.

కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"బాగుంది" అంది.

7 మే, మంగళవారం

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు అత్తమ్మ పోయింది. మాత్రలు నలభై ఒకటి మిగిలాయి.

9 మే, గురువారం

నిన్న సమాధి చేశాం. పేటలో యాభై దాటిన వాళ్ళు చాలామంది వచ్చారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు ఎక్కువ. సుభానీ తాత శవపేటిక దగ్గర నిలబడి తన రెండు చేతులతో తన తలే పట్టుకుని చూపించాడు, ఇట్టా పట్టుకునేది అని. ఎన్నికల మైకు దాటుకుని వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

26 మే, ఆదివారం

రాయి నిలబెట్టారు. గౌస్ బాషా నా అక్షరాలు నేను రాసినట్టే చెక్కాడు. 'పళ్ళు'లో ఒత్తు నేను కొంచెం వంకరగా రాస్తాను. అది కూడా అలాగే వచ్చింది.

ఈయన మూడుసార్లు చదివారు. ఈ కుటుంబంలో ఈయన చదవగలిగిన మొదటి రాయి ఇది. జేబు రుమాలు తీశారు. తరువాత పక్కనున్న రాయి వైపు చూసి అన్నారు:

"కౌసర్, నాన్న రాయి మీద కూడా కింద తెలుగులో రాయిద్దాం. అమ్మది అందరూ చదువుతారు, నాన్నది ఎవరికీ తెలియదు. నువ్వే రాసివ్వు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన మనిషి ఇక్కడ అలసట తీర్చుకుంటున్నాడు. అంతే, అందులో ఏముందో అదే."

అత్తమ్మ చెప్పిందంతా ఈయనకు చెప్పాలని నోరు తెరిచాను. నోటిలోకి ఎండ వచ్చింది.

"రాసిస్తాను" అన్నాను.

2 జూన్, ఆదివారం

వారం పట్టింది. అందులో తప్పులేని పదాలు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాను. మనిషి, నిజం. వచ్చాడు, నిజం. అలసట, నిజమే అయి ఉంటుంది. సముద్రం దగ్గర కలం ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా దాటలేదు.

పొద్దున ఈయన పనిబల్ల మీద కాగితం పెట్టాను. ఈయన మైనం పళ్ళు పక్కకు జరిపి చదివారు.

"చాలా దూరం నుంచి వచ్చిన మనిషి ఇక్కడ అలసట తీర్చుకుంటున్నాడు." ఆగారు. "సముద్రం ఏదీ?"

"కింద ఖాళీ జానెడే ఉంది. అంత సముద్రం పట్టదు" అన్నాను.

ఈయన నన్ను కాసేపు చూశారు. తరువాత సొరుగులోంచి టేపు తీసుకుని సమాధుల తోటకు వెళ్ళారు. గంట తరువాత వచ్చారు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, టేపు సొరుగులో పెట్టారు.

"నిజమే, పట్టదు" అన్నారు.

గౌస్ బాషాకు ఫోను చేశాను. బుధవారం వస్తానన్నాడు.